నెల తప్పింది – లెక్కా తప్పింది

మన తెలుగునాట బిడ్డ భూమ్మీద పడిన సమయానికి ఉన్నంత మర్యాద మరే సమయానికీ లేదు. కాన్పుగది బయట తాతగారు చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటారు. తొలి ఏడుపు వినపడగానే గంటా నిమిషమూ కాగితం మీదికి ఎక్కుతాయి. సాయంత్రానికల్లా నక్షత్రం, పాదం, తారాబలం తేలిపోతాయి. నెల తిరిగేలోగా జాతకచక్రం తయారవుతుంది. ఆ కాగితం పసుపు బొట్లతో సహా బీరువాలో పెళ్ళినాటి వరకూ భద్రంగా ఉంటుంది. ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. కాని ఆ బిడ్డ లెక్క అసలు ఏ రోజున మొదలయిందో రాసిపెట్టుకున్న ఇళ్ళు ఎన్ని? కోడలికి నెలసరి చివరిసారి ఏ తేదీన వచ్చిందో చెప్పగలిగిన అత్తగారు ఎందరు, భర్త ఎందరు? ఆ మాటకొస్తే, చెప్పగలిగిన కోడళ్ళు ఎందరు?

పుట్టిన ఘడియ తెలియకపోతే జాతకం ఒక్కటే ఆగుతుంది. మొదలయిన రోజు తెలియకపోతే ఆగేవి, తారుమారయ్యేవి చాలా ఉన్నాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

నేను డాక్టర్ని కాను. లెక్కల ఎం.ఎస్సీ. చదువుతున్నదాన్ని. మాది పల్నాడు జిల్లా శావల్యాపురం. "కాలేజీ వార్షిక సంచికలో ఈ పురుళ్ళ గోలేమిటి, హాయిగా కవిత్వం రాసుకోక!" అని కొందరు సోదరులు ముఖం చిట్లించవచ్చు. వారికి ఒక్క అంకె చెప్పి ముందుకు పోతాను. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని తేలింది. అంటే సరిగ్గా మన ఈడు వాళ్ళన్నమాట. మన పక్క బెంచీ మీద కూర్చోవలసినవాళ్ళు ఇద్దరేసి పిల్లల్ని ఎత్తుకుని ఉన్నారు. మిగిలిన మనలో చాలామందిమి డిగ్రీ కాగితం చేతికొచ్చిన రెండు మూడేళ్ళలో అదే వరసలో నిలబడతాం. సోదరులు తండ్రులవుతారు. కనుక ఇది మనకు సంబంధించని గోల కాదు.

ముందుగా మన భాషలో ఉన్న చిక్కు చూద్దాం. మా ఊళ్ళో ఒకమ్మాయి కడుపుతో ఉందంటే "వట్టిమనిషి కాదు" అంటారు, "నెల తప్పింది" అంటారు, "నీళ్ళోసుకుంది" అంటారు. అందమైన మాటలే. ఎన్నో నెల అని అడిగి చూడండి. "మూడో నెలండీ" అంటారు. మూడో నెల పడిందా, మూడు నిండాయా? పడిందంటే రెండు నిండినట్లు. నిండాయంటే నాలుగోది నడుస్తున్నట్లు. ఇక్కడే ఒక నెల తేడా. పైగా ఇంట్లో లెక్క మొదలుపెట్టేది నెల తప్పిన రోజు నుంచి. డాక్టర్లు మొదలుపెట్టేది దానికి ముందు వచ్చిన ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. ఆ లెక్కన నెల తప్పిందని తెలిసేనాటికే నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. మా వైపు చాలామంది ఆడవాళ్ళకు గుర్తుండేది నెలసరి మొదలయిన రోజు కాదు, తలకు పోసుకున్న రోజు. అక్కడ మరో మూడు నాలుగు రోజులు జరుగుతుంది. ఇవన్నీ కలిస్తే, ఇంటి లెక్కకూ ఆసుపత్రి లెక్కకూ నెలా నెలన్నర తేడా రావడంలో ఆశ్చర్యమేముంది?

డాక్టర్ల లెక్క నిజానికి మూడో తరగతి పిల్లవాడు చేయగలిగినంత సులువు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఫ్రాంజ్ నేగెలె (1778–1851) అనే ప్రసూతి వైద్యుడుండేవాడు. ఆ సూత్రం ఆయన పేరు మీదే నిలిచింది. ఆఖరి నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, అక్కడి నుంచి తొమ్మిది నెలలు ముందుకు లెక్కపెట్టాలి. సంక్రాంతి నాడు, అంటే జనవరి 14న నెలసరి వచ్చిందనుకోండి. 14కు ఏడు కలిపితే 21. తొమ్మిది నెలలు వేస్తే అక్టోబరు 21. మొత్తం 280 రోజులు, 40 వారాలు. ఇది 28 రోజులకొకసారి సక్రమంగా నెలసరి వచ్చేవారికి సరిపోయే లెక్క. 35 రోజులకొకసారి వచ్చేవారికి ఇంకో వారం కలపాలి.

ఇంగ్లీషు తేదీలు గుర్తుండని వారి సంగతేమిటి? మన పంచాంగంతోనూ ఈ లెక్క చక్కగా కుదురుతుంది. ఇది నేను సరదాకు వేసి చూసుకున్నదే గాని, ఎవరైనా సరిచూసుకోవచ్చు. చాంద్రమాసం అంటే ఇరవై తొమ్మిదిన్నర రోజులు, పైన కొద్దిగా. అటువంటివి తొమ్మిది అయితే 266 రోజులు. 280కి ఇంకా 14 కావాలి, అంటే సుమారు ఒక పక్షం. కనుక ఆఖరి నెలసరి ఏ తిథినాడు మొదలయిందో, ఆ తిథి నుంచి తొమ్మిది మాసాలూ ఒక పక్షమూ లెక్కపెడితే చాలు. శివరాత్రి నాడు మొదలయిందనుకుందాం. అది మాఘ బహుళ చతుర్దశి. తొమ్మిది మాసాలకు కార్తీక బహుళ చతుర్దశి. దానికి పక్షం కలిపితే మార్గశిర పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు. మధ్యలో అధికమాసం పడితే మాత్రం దాన్నీ ఒక నెలగానే లెక్కవేయాలి. 2026 పంచాంగంలో అధిక జ్యేష్ఠం ఉంది. కాబట్టి ఆ ఏడు శివరాత్రి నాడు మొదలయిన లెక్క మార్గశిరం దాకా పోదు, కార్తీక పౌర్ణమి దగ్గరే నిండుతుంది.

మా వీధిలో పెద్దావిడ ఒకామె ఉంది. చదువు లేదు. కొత్త కోడలు ఎవరైనా తేదీ తెలియక బిక్కమొహం వేస్తే ఆమె అడిగే తీరు వినాలి. "ఏమే పిల్లా, కోటప్పకొండ తిరునాళ్ళకు పోయావా? పోతే గుళ్ళోకి వెళ్ళావా, కింద ప్రభల దగ్గరే ఉండిపోయావా?" "వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చున్నావా, బయట ఉన్నావా?" మూడు ప్రశ్నల్లో తేదీ తేలిపోతుంది. నెలసరినాడు ఆడదాన్ని బయట కూర్చోబెట్టే ఆచారాన్ని నేను సమర్థించడం లేదు. అది పోవలసినదే. కాని ఆ ఆచారం ప్రతి ఆడపిల్ల జ్ఞాపకంలోనూ ఒక పంచాంగం రాసిపెట్టిందన్నది నిజం. ఆరోగ్య కార్యకర్తలు కాగితం మీద "తేదీ తెలియదు" అని గీత కొట్టేముందు ఈ పెద్దావిడలాగా ఒక్కసారి అడిగి చూడాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక లెక్కల విద్యార్థినిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. 280 అనేది సగటు. ఆ తేదీ నాడే సరిగ్గా పుట్టేది నూటికి నలుగురో అయిదుగురో. మిగతావాళ్ళంతా అటో ఇటో. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ. 42 వారాలు దాటితే కడుపులోనే బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు ఇచ్చే తేదీ రైలు టైము వంటిది కాదు, ఒక కొలబద్ద. బిడ్డ చిన్నగా ఉందా, లేక వయసే తక్కువా? నొప్పులు ముందుగా వచ్చాయా, సమయానికే వచ్చాయా? ఇంకా ఆగవచ్చా, ఆగకూడదా? ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ కొలబద్ద మీదే చదవాలి. కొలబద్దలో మొదటి గీతే చెరిగిపోతే తర్వాత ఎంత పెద్ద డాక్టరైనా చేసేది ఊహే.

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అనే మాట మీరూ విని ఉంటారు. అందులో నిజం లేదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ఇక రెండో సంగతి. ఇది మొదటిదానికన్నా బరువైనది. మన ఇళ్ళలో మూడో నెల దాటేదాకా విషయం బయటికి పొక్కనివ్వరు. దిష్టి తగులుతుందని కొందరు, నిలుస్తుందో లేదోనని కొందరు. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే పోనివ్వండి, నష్టం లేదు. ఆరోగ్య కేంద్రానికి కూడా చెప్పకపోవడమే కొంప ముంచుతోంది. వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పి రెండు వారాలయ్యేసరికి ఆ పని ముగిసిందన్నమాట! అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక లోపంతో పుట్టవచ్చు, తల సరిగా ఏర్పడకపోవచ్చు. ఆ లోపాన్ని చాలావరకు ఆపగలిగేది ఒక చిన్న మాత్ర, ఫోలిక్ యాసిడ్. మనం సీమంతానికి గాజులు కొనే సమయానికి ఆ మాత్ర ఈ విషయంలో చేయగలిగినది ఏమీ ఉండదు.

ఈ ఫోలిక్ యాసిడ్ కథలో మన దేశమూ ఉంది, మన తెలుగువాడూ ఉన్నాడు. 1928 నుంచి కొన్నేళ్ళపాటు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థంతో ఆ జబ్బు నయమవుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ కంపెనీ పరిశోధకుల బృందం. ఆ పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెలువరించిన ఫలితాల ప్రకారం, అంతకుముందు ఇటువంటి లోపమున్న బిడ్డను కన్న తల్లులు గర్భం నిలవకముందు నుంచే ఈ మాత్ర వేసుకుంటే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. సుబ్బారావుగారి పేరు చెప్పి సభలు చేస్తాం, దండలు వేస్తాం. ఆయన బృందం తయారుచేసిన మాత్రను మాత్రం ఆయన సొంత గడ్డ మీది ఆడపిల్లలకు నాలుగో నెలలో ఇస్తున్నాం. పెళ్ళయి బిడ్డను కోరుకునే ప్రతి అమ్మాయీ ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలన్నది డాక్టర్లు ఇచ్చే సలహా. అది ఖరీదైన మందూ కాదు, దొరకని మందూ కాదు.

మొదటి పరీక్ష 12 వారాల లోపలే జరగాలని మన ప్రభుత్వమూ చెబుతోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థా చెబుతోంది. ఆ రోజు చూసేవి చిన్న చిన్న విషయాలే. బరువు, రక్తపోటు, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, చక్కెర, మూత్రంలో ఆల్బుమిన్, ఇంకా హెచ్.ఐ.వి., సిఫిలిస్, కామెర్ల పరీక్షలు. వీటిలో రక్తం సంగతి మా ప్రాంతంలో మరీ ముఖ్యం. మన రాష్ట్రంలో గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నవారేనని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. హిమోగ్లోబిన్ 11 ఉండవలసిన చోట ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. మిరపకోతలప్పుడు మా ఊరి చేలల్లోకి వెళ్ళి చూడండి. పొద్దుటి నుంచీ నడుము వంచి కాయలు కోసే ఆడవాళ్ళలో వట్టిమనుషులు కానివాళ్ళు ఎందరో! కూలి పోతుందని ఎవరూ బయటపడరు. రెండో నెలలోనే రక్తం చూస్తే సరిదిద్దుకోవడానికి ఆరేడు నెలల గడువుంటుంది. ఎనిమిదో నెలలో చూస్తే మిగిలేది రక్తం సీసా కోసం వినుకొండకో నరసరావుపేటకో పరుగే. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు వేసుకోవాలి. "మాత్ర వేసుకుంటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అనే మాట ఎవరు పుట్టించారో గాని, చూరులో దోపిన మాత్రల అట్టలకు లెక్కలేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన సంప్రదాయం. మంచి సంప్రదాయమే, తల్లి దగ్గరుంటే పిల్లకు ధైర్యం. కాని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లను తీసుకుపోతూ సారె, చీరె, పళ్ళు, స్వీట్లు అన్నీ సర్దుతారే, ఆసుపత్రి కార్డు ఒక్కటి అత్తగారింట్లో మేకుకు వేలాడుతూ ఉండిపోతుంది. కొత్త ఊళ్ళో నర్సు మళ్ళీ మొదటి నుంచి అడుగుతుంది. అప్పుడు తల్లి చెప్పే లెక్క ఒకటి, పిల్ల చెప్పే లెక్క ఇంకొకటి.

అప్పుడు స్కానింగు ఉందిగా అంటారు. ఉంది. అయితే దానికీ ఒక కాలముంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ తల నుంచి పిర్రల దాకా కొలిస్తే వయసు అయిదారు రోజుల తేడాతో తేలుతుంది. ఎందుకంటే ఆ దశలో ఎవరి బిడ్డయినా దాదాపు ఒకే తీరున పెరుగుతుంది. గ్లాస్గోలో రాబిన్సన్ అనే వైద్యుడు 1973లో చూపించిన పద్ధతి ఇది. చివరి మూడు నెలల్లో బిడ్డలు తలా ఒక తీరుగా పెరుగుతారు. అప్పుడు కొలిస్తే రెండు మూడు వారాల తేడా రావచ్చు. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. మొదటి కాగితాన్ని పారేసి చివరి కాగితంలో ఉన్న తేదీని నమ్ముతారు. "స్కానింగు స్కానింగుకీ డేటు మారుతోంది, ఈ డాక్టర్లకే తెలియదు" అని వెక్కిరింపు ఒకటి! తొలి స్కానింగులో ఖాయమైన తేదీయే చివరిదాకా తేదీ. తర్వాతి వాటిలో చూసేది బిడ్డ ఎదుగుదల మాత్రమే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. మొదలయిన రోజు మీద లేని శ్రద్ధ చివరి రోజు మీద మనవాళ్ళకు పుట్టుకొస్తుంది. సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళి మంచి రోజు, మంచి లగ్నం రాయించుకొస్తారు. ఆ చీటీ పట్టుకుని ఆసుపత్రికి పోయి, "పదిన్నర లోపల తీసెయ్యండి డాక్టరుగారూ" అంటారు. అన్నవాళ్ళు చదువుకోనివాళ్ళేమీ కాదు, మనవంటి డిగ్రీలున్నవాళ్ళే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు, తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లేనని తేలింది. వాటికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ ముహూర్తపు కాన్పులని నేననను. ఆపరేషను అవసరమైన తల్లికి అది ప్రాణదానమే. కాని ఏ తొందరా లేని తల్లికి 39 వారాలు నిండకముందే కోత పెడితే, బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా సిద్ధం కాక ఊపిరాడని ఇబ్బంది రావచ్చు. ఇప్పుడు మొదట్లో చెప్పిన లెక్కను గుర్తుకు తెచ్చుకోండి. ఇంటి లెక్కలో రెండు మూడు వారాలు తప్పు ఉంటే, 38 వారాలనుకున్నది నిజానికి 35 కావచ్చు. గురువు ఉచ్చస్థానంలో ఉంటాడు, బిడ్డ అద్దాలపెట్టెలో ఉంటుంది.

"శుభఘడియలో పుడితే తప్పేమిటమ్మా?" అని మా బంధువుల్లో ఒక పెద్దాయన నన్ను అడిగారు. "బాబాయ్, ఘడియ మనం పెడితే అది ఆపరేషను టైమే గాని జన్మసమయం ఎలా అవుతుంది?" అన్నాను. జ్యోతిషం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఉన్నవాళ్ళయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

మన ఊళ్ళలో ఇప్పుడు సౌకర్యాలు లేవనే మాట సగమే నిజం. ప్రతి గ్రామంలోనూ ఆశా కార్యకర్త ఉంది. ఆమె దగ్గర మూత్రపరీక్ష కిట్టు దొరుకుతుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో నాలుగో నెల మొదలుకొని ఉచితంగా గర్భిణీ పరీక్షలు చేస్తున్నారు. తల్లీబిడ్డల కార్డులో ఆఖరి నెలసరి తేదీకి ఒక గడి, ప్రసవ తేదీకి ఒక గడి అచ్చువేసే ఉన్నాయి. లోటు ఎక్కడుందంటే, ఆ గడి నింపవలసిన తేదీ పిల్ల నోటి నుంచి రాదు. అడిగితే అత్తగారి వైపు చూస్తుంది. ఇంటి గోడ మీద పాల లెక్కకు, గ్యాసు బండ లెక్కకు తేదీల చుట్టూ సున్నాలు చుట్టే చెయ్యి, నెలకొక్కసారి తనకోసం ఒక సున్నా చుట్టుకోవడానికి సిగ్గుపడుతుంది. సిగ్గయితే చుక్క పెట్టుకోవచ్చు. ఎవరికీ తెలియదు.

మన విద్యార్థి సంఘం వారికి నాదొక విన్నపం. గర్భిణులైన విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు ఇస్తూ నియమాలు చేసుకొమ్మని యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. అది మన కాలేజీలో ఏ ఫైలులో ఉందో సంఘం కార్యదర్శిగారు కనుక్కోవాలి. సెలవు దొరకదేమోనన్న భయం ఉన్నంతకాలం పెళ్ళయిన ఏ విద్యార్థినీ అయిదో నెల దాకా నోరు విప్పదు. హాస్టలు వైద్యశాలలో తలనొప్పి మాత్రల పక్కన ఫోలిక్ యాసిడ్ అట్టలు కూడా ఉంచాలి. అడిగిన అమ్మాయిని ఎందుకని ప్రశ్నించకుండా ఇవ్వాలి. వచ్చే సంవత్సరం సంఘం అచ్చువేసే క్యాలెండరులో నాయకుల ఫోటోలు కొంచెం తగ్గించి, ప్రతి నెల పక్కన వేలెడంత ఖాళీ వదిలితే ఇంకా సంతోషం.